గొడుగు, కుర్చీ, చేప

పిట్టకు ఏడేళ్ళు. అసలు పేరు ఆస్పత్రి కాగితాల్లో ఉంది కానీ ఆ పేరుతో పిలిచే నాథుడు లేడు. పుట్టినప్పుడు మరీ పిడికెడు ఉండేదని వాళ్ళ నాన్న పిట్ట అన్నాడు, అదే ఖాయమైపోయింది. ఆ పిట్ట గుండె కాస్తా ఒక జ్వరానికి మెత్తబడిపోయి, కొట్టుకోవడం నా వల్ల కాదని చేతులెత్తేసింది. ఇప్పుడు ఒంట్లో రక్తాన్ని తిప్పుతున్నది పొట్ట బయట వేలాడే ఒక పంపు. గాజులా కనిపించే ప్లాస్టిక్ గిన్నె, దానికి రెండు గొట్టాలు. అవి చర్మంలోంచి లోపలికి దూరి గుండెకు అతుక్కుని ఉంటాయి. గిన్నెలోకి రక్తం రావడం, పోవడం కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది. మొదట్లో చూసినవాళ్ళు మొహం తిప్పుకునేవాళ్ళు, తర్వాత అలవాటైపోయింది.

ఆ పంపుకు గాలి కొట్టేది చక్రాల మీదున్న ఒక పెట్టె. అది వెంట లేకుండా పిట్ట మంచం దిగడానికి లేదు. ఎక్కడికెళ్ళినా వెనకే వస్తుంది, ఇరవైనాలుగు గంటలూ సణుగుతుంది, గొట్టం కాస్త మెలికపడితే చాలు వార్డంతా వినబడేలా రాద్ధాంతం చేస్తుంది. అందుకని పిట్టే దానికి అత్తగారు అని పేరు పెట్టింది. ఏడేళ్ళ పిల్లకు అత్తగార్ల సంగతి ఎవరు చెప్పి ఉంటారా అని అందరూ వాళ్ళమ్మ వంక అదోలా చూశారు.

వాళ్ళమ్మను వార్డులో టీచరమ్మ అంటారు. ఇంటి ముందుగదిలో ఇరవై రెండేళ్ళుగా ట్యూషన్లు చెప్పిన మనిషి. ఎంత మొద్దు పిల్లాణ్ణి తెచ్చి కూర్చోబెట్టినా ఎక్కాలు ముక్కున పట్టించి పరీక్ష గట్టెక్కించేదని ఆవిడకు పేరు. ఇప్పుడు ఆ గదికి తాళం పడింది. మొగుడు దూరప్రాంతాలకు పోయే బస్సు నడుపుతాడు, నాలుగు రోజులకోసారి వచ్చి, పిల్ల పక్కన ఒక పూట కూర్చుని, కళ్ళు తుడుచుకుని వెళ్తాడు. మిగిలిన రోజులన్నీ ఈవిడవే. పిట్ట గదిలో మంచం పక్కన వెనక్కి వాలని కుర్చీ ఒకటి ఉంది. తొంభై ఆరు రోజులుగా అదే ఆవిడ ఇల్లు, వాకిలి, పడకగది. ఒళ్ళు ఎంత హూనమైందంటే, ఇప్పుడు అలిసిపోయానని అనుకోవడానికి కూడా ఓపిక లేదు.

ఎదురుచూస్తున్నది వేరే గుండె కోసం. జాబితాలో పిట్ట పేరుంది. ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. రావడమంటే ఏమిటో, ఎవరి ఇంట్లో ఏం జరిగితే వస్తుందో టీచరమ్మ ఆలోచించదలుచుకోలేదు. ఆలోచిస్తే తల పగిలిపోతుంది.

పంపు పెట్టిన మొదటి రోజే గుండె డాక్టరు అన్నీ విప్పి చెప్పాడు.

"ఇది గుండె పని చేసి పెడుతుందమ్మా. కానీ రక్తానికి ప్లాస్టిక్ అంటే గిట్టదు, తగిలిన చోటల్లా గడ్డ కట్టాలని చూస్తుంది. అందులోంచి రవ్వంత ముక్క ఊడి మెదడుకు పోయిందంటే పక్షవాతం. ఈ పంపు మీదున్న పిల్లల్లో పదిమందికి ఇద్దరికో ముగ్గురికో వస్తుంది. అందుకే రక్తం పల్చబడే మందు ఇస్తాం. అది ఎక్కువైతే మళ్ళీ మెదడులోనే రక్తం కారుతుంది. అటూ పోకుండా ఇటూ పోకుండా లాక్కురావాలి."

"ఎన్నాళ్ళు?" అని అడిగింది టీచరమ్మ.

"గుండె దొరికే దాకా," అన్నాడు ఆయన. అంతకంటే ఆయన దగ్గర మాత్రం ఏముంది?

అందుకని నాలుగు గంటలకోసారి పెద్ద సిస్టర్ గానీ ఆవిడ కింద పనిచేసే నర్సుల్లో ఒకరు గానీ వస్తారు. చిన్న టార్చి వేసి పంపును ముందూ వెనకా చూస్తారు. తెల్లటి పోగులేమైనా ఉన్నాయా, నల్లటి చుక్కలున్నాయా అని వెతికి కాగితం మీద పంపు బొమ్మలో గుర్తు పెడతారు. తర్వాత పిల్లను పరీక్షిస్తారు. నవ్వమంటారు, మూతి వంకర పోతుందేమో చూడటానికి. కళ్ళు మూసుకుని రెండు చేతులూ చాపమంటారు. వేళ్ళు గట్టిగా నొక్కమంటారు. ఈరోజు ఏ వారం అని అడుగుతారు. ఒక అట్ట చూపించి బొమ్మల పేర్లు చెప్పమంటారు. చివరికి ఒక వాక్యం చెప్పి తిరిగి చెప్పమంటారు. ఆరింటికీ ఆరు టిక్కులు పడితే ఇంకో నాలుగు గంటలు ఊపిరి పీల్చుకోవచ్చు.

మూడో వారంలో ఒకరోజు పిట్ట అలిగింది. బొమ్మలు వేసుకుంటుంటే మధ్యలో పరీక్షేమిటని దాని ఉక్రోషం. ఏ వారమంటే "తెలీదు పో" అంది. చేప బొమ్మ చూపిస్తే పలకలేదు. సిస్టర్ మాత్రం ఏం చేస్తుంది, ఆవిడ ఉద్యోగం ఆవిడది. తప్పు వేసింది, డాక్టరుకు ఫోన్ చేసింది. పది నిమిషాల్లో మంచం, అత్తగారు, ఆరుగురు మనుషులు కలిసి స్కానింగుకు పరుగు. రెండు చేతులకూ సూదులు. మూడు గంటల తర్వాత ఏమీ లేదని తేలింది. ఆ మూడు గంటలూ జాబితాలో పిట్ట పేరును పక్కన పెట్టారని టీచరమ్మకు సాయంత్రం తెలిసింది. మెదడు దెబ్బతిన్న బిడ్డకు గుండె ఇవ్వరట, సంగతి తేలేదాకా ఆపుతారట.

ఆ మూడు గంటల్లోనే గుండె వచ్చి ఉంటే? అది వేరే బిడ్డకు పోయి ఉంటే? ఒక్క తప్పు జవాబుకు అంత శిక్షా?

మర్నాటి నుంచి టీచరమ్మ తనకు తెలిసిన ఒకే ఒక్క పని మొదలుపెట్టింది. సిస్టర్ రావడానికి పావుగంట ముందు పిల్లను లేపి కూర్చోబెట్టేది.

"ఏ వారం?"

"మంగళవారం."

"అట్ట మీద?"

"గొడుగు, కుర్చీ, చేప."

"సాగదీయకు. టకటకా చెప్పు. వాక్యం?"

"పెద్ద కుక్క చిన్న గోడ దూకింది."

"ఆ. అది. నవ్వు. పళ్ళు కనపడాలి."

ఆ అట్ట ఎప్పుడూ మారదు, వాక్యమూ మారదు. వారం ఒక్కటే రోజుకో రకం, దాన్ని పొద్దున లేవగానే చెవిలో వేస్తే రాత్రి దాకా నిలిచేది. నాలుగు రోజుల్లో పిట్ట ఎంత తయారైందంటే, సిస్టర్ అట్ట పైకెత్తకముందే అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పేసేది. "టీచరమ్మ శిష్యురాలంటే మజాకా," అని పెద్ద సిస్టర్ నవ్వుతూ టిక్కులు పెట్టుకునేది. ఆవిడ చేతి కింద ఇలాంటి పిల్లలు నలుగురున్నారు, కాళ్ళు వాచిపోయి ఉంటాయి, గబగబా తెమిలిపోతే ఆవిడకూ హాయే. పాపం ఎవరినీ అనడానికి లేదు. అందరూ అలసిపోయి ఉన్నారు, అందరికీ టిక్కులే కావాలి.

తొంభై ఏడో రోజు గురువారం. ఎనిమిదింటి పరీక్ష అయింది, ఆరు టిక్కులు. పన్నెండింటి పరీక్ష అయింది, ఆరు టిక్కులు. టార్చి వేసి చూస్తే పంపులో కొత్తగా ఏమీ కనిపించలేదు. ఒకటిన్నరకు టీచరమ్మ జావ గిన్నె తెచ్చి పిల్ల ఒళ్ళో పళ్ళెం మీద పెట్టింది. తాను కుర్చీలో కూలబడి, ఊరికే ఏదో మాట కలపాలని అడిగింది.

"ఉప్పు సరిపోయిందా?"

"గొడుగు, కుర్చీ, చేప," అంది పిట్ట.

టీచరమ్మకు చిర్రెత్తుకొచ్చింది. "వేళాకోళమా? నేనడిగిందేమిటి, నువ్వు చెప్పేదేమిటి? ఉప్పు సరిపోయిందా లేదా?"

పిట్ట నోరు తెరిచింది. ఏదో వెతుక్కుంది. "గురువారం," అంది.

"ఏమే, దెబ్బలు పడతాయి."

"గొడుగు," అంది పిట్ట. "గొడుగు. పెద్ద కుక్క. గొడుగు."

అప్పుడు చూసింది టీచరమ్మ పిల్ల కళ్ళలోకి. అవి అల్లరి చేసే కళ్ళు కావు. చెప్పాలనుకున్నది ఒకటి, నోట్లోంచి వస్తున్నది ఇంకొకటి అని ఆ పిల్లకు తెలుస్తోంది, భయంతో బిగుసుకుపోయింది. చెంచా ఎడమచేతిలో ఉంది. పిట్ట కుడిచేతి వాటం పిల్ల. కుడిచెయ్యి పళ్ళెం పక్కన ఊరికే పడి ఉంది.

నర్సును పిలిచే మీట నొక్కాలన్న జ్ఞాపకం కూడా లేకుండా టీచరమ్మ వార్డులోకి పరిగెత్తి పెద్ద సిస్టర్ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. సిస్టర్ గబగబా వేళ్ళు పట్టుకుని నొక్కమంది. ఎడమవైపు నొక్కింది, కుడివైపు వేళ్ళు మడిచింది గానీ బలం లేదు. నవ్వమంటే మూతి కుడిపక్క కాస్త వెనకబడింది. "ఏ వారం?" అంటే "గురువారం" అని మాత్రం తడుముకోకుండా చెప్పింది.

"పన్నెండింటికి బాగుందిగా," అంది ఆవిడ, ఎవరితోనో అన్నట్టు. "నేనే చూశానుగా."

మళ్ళీ మంచం, అత్తగారు, ఆరుగురు మనుషులు. ఈసారి స్కానింగు తలుపు బయట టీచరమ్మ నిలబడి ఉంటే మెదడు డాక్టరు వచ్చింది. చిన్న వయసే, కళ్ళ కింద మాత్రం నల్లటి వలయాలు. చేతిలో పన్నెండింటి టిక్కుల కాగితం ఉంది.

"ఎడమవైపు రక్తనాళంలో గడ్డ అడ్డం పడిందమ్మా. మాటలుండే భాగానికి రక్తం అందట్లేదు. గజ్జల్లోంచి సన్నటి తీగ పంపి ఆ గడ్డను లాగేయొచ్చు. కానీ మొదలై ఆరు గంటలు దాటకూడదు. దాటితే అక్కడి మెదడు చచ్చిపోయి ఉంటుంది, అందులోకి ఒక్కసారి రక్తం వదిలితే కారిపోతుంది. అసలే పల్చబడే మందు మీదుంది. అలా కారితే పిల్ల దక్కదు." కాగితం చూసింది. "పన్నెండింటికి బాగుంది. ఇప్పుడు రెండుంబావు. టైముంది. సంతకం పెట్టండి, తీసుకెళ్తాం."

కలం చేతికి వచ్చింది. టీచరమ్మ కలం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పన్నెండింటికి పిట్ట ఏం చెప్పింది? గురువారం. గొడుగు, కుర్చీ, చేప. పెద్ద కుక్క చిన్న గోడ దూకింది. ఇప్పుడూ అవే చెబుతోంది. మాటలన్నీ పోయినా అవి పోలేదు, ఆవిడ అంత గట్టిగా దిద్దించింది మరి. అయితే పన్నెండింటికి బాగున్నట్టా, లేనట్టా? చేతులు చాపింది నిజమే. మాటలు అప్పటికే పోయి ఉంటే, ఆ కాగితం మీది టిక్కులు పిల్లవి కావు, తనవి.

నోరు మూసుకుంటే తీసుకెళ్తారు. గడ్డ తీస్తారు. కాగితం ఉంది, సిస్టర్ సంతకం ఉంది, ఎవరూ ఆవిణ్ణి అడగరు. నోరు తెరిస్తే, ఇక కుదరదమ్మా అంటారేమో. అలా అంటే పిట్ట జీవితాంతం గొడుగు కుర్చీ చేప అంటూ ఉండాలి. జాబితాలోంచి పేరు ఎగిరిపోతుంది. కానీ వేళ మించిపోయి ఉంటే? తన అబద్ధం మీద తీగ లోపలికి వెళ్తే?

"అది లెక్కలోకి రాదండీ," అంది టీచరమ్మ.

"ఏది?"

"పన్నెండింటిది. నేను నేర్పాను. అన్ని జవాబులూ బట్టీ పట్టించాను. అది నిద్రలో లేపినా చెబుతుంది. ఎనిమిదింటిదీ అంతే."

పెద్ద సిస్టర్ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. డాక్టరు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. కోప్పడినా బాగుండేది.

"సరే. మీరు నేర్పని మాట, తనంతట తను ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడింది?"

టీచరమ్మ ఆలోచించింది. పొద్దున్నుంచి జరిగిందంతా తవ్వుకుంది. లేపింది, మొహం కడిగింది, వారం చెప్పింది, అప్పజెప్పించుకుంది. పిల్ల తల ఊపింది, పాలు తాగింది. నిన్న రాత్రి? నిన్న రాత్రి ఏదో అంది, తాను ఊఁ కొట్టింది. ఏమంది? మొన్న? తొంభై ఏడు రోజులుగా రెప్ప వాల్చకుండా ఆ పిల్లనే కనిపెట్టుకుని ఉన్న మనిషికి, పిల్ల తనంతట తను అన్న మాట ఒక్కటంటే ఒక్కటి గుర్తు రాలేదు. జవాబులు మాత్రం వరసగా వచ్చి నిలబడ్డాయి.

"తెలీదండీ," అంది. "నాకు తెలీదు."

"ఎనిమిదికి ముందంటే ఇప్పటికే దాటిపోయింది," అంది డాక్టరు మెల్లగా. "ఎవరైనా విన్నవాళ్ళు లేకపోతే నేను ముట్టుకోలేనమ్మా."

పెద్ద సిస్టర్ కళ్ళు తెరిచింది. "ఉండండి," అని, వచ్చిన దారినే వార్డు వైపు పరిగెత్తింది. ఆ బరువుకు, ఆ వాచిన కాళ్ళకు అంత పరుగు వస్తుందని ఎవరూ అనుకోరు. ఐదు నిమిషాల్లో నేల తుడిచే ఆయమ్మను వెంటబెట్టుకొచ్చింది. ఆయమ్మ చేతులకింకా రబ్బరు తొడుగులున్నాయి, ముఖం చూస్తే ఏదో తప్పు చేసి దొరికినట్టుంది.

"చెప్పు. పొద్దున పిట్టతో మాట్లాడావా?"

"నేనేం విసిగించలేదమ్మా. అదే పిలిచింది."

"ఏమంది? అదే కావాలి మాకు."

ఆయమ్మ టీచరమ్మ వైపు చూసి తల దించుకుంది. "ఇప్పుడెందుకులేమ్మా అదంతా."

"చెప్పవే తల్లీ, నీకు పుణ్యముంటుంది," అంది సిస్టర్.

"ఈవిడ కుర్చీలో కునుకు తీస్తోంది. నేను మంచం కింద తుడుస్తున్నాను. అప్పుడేమో అది... ఆయమ్మా, నీ కర్రకున్న జుట్టు అచ్చం మా అమ్మ జుట్టులాగే ఉంది, రెంటినీ ఒకేసారి ఉతికెయ్యి అంది. నవ్వాపుకోలేక చచ్చాను. గట్టిగా నవ్వకు, లేస్తే ప్రశ్నలడుగుతుంది అని కూడా అంది."

డాక్టరు టీచరమ్మ వంక చూసింది. ఇది ఎవరో నేర్పిన మాట కాదని అడగక్కర్లేకుండానే తెలుస్తోంది.

"టైమెంత?"

"నాకేం తెలుసు టైము. గది తుడిచాక తలుపు మీద కాగితంలో రాసి సంతకం పెట్టాలి కదా, అందులో ఉంటుంది."

ఆ కాగితాన్ని సిస్టర్ అప్పటికే పీక్కొచ్చింది. తొమ్మిదీ ఇరవై. డాక్టరు గడియారం చూసుకుంది. రెండున్నర దాటింది.

"యాభై నిమిషాలు కూడా లేవు," అంటూ ఆవిడ వెనక్కి తిరిగింది. టీచరమ్మ కాగితం గోడకు ఆనించి సంతకం పెట్టింది. అక్షరాలు ఎటు పోయాయో ఆవిడకే తెలియదు. తలుపు మూసుకున్నాక నేల మీదే కూర్చుండిపోయింది. ఆయమ్మ తొడుగులు తీసేసి పక్కన కూర్చుంది. టీచరమ్మ ఆవిడ వైపు తిరిగి అడిగింది.

"రోజూ మాట్లాడుతుందా నీతో?"

"అమ్మో, ఆపితే కదా," అంది ఆయమ్మ.

గడ్డ బయటికి వచ్చేసింది. మెదడులో రక్తం కారలేదు. మర్నాడు పంపు మార్చారు. విప్పి చూస్తే గొట్టం మొదట్లో, టార్చి వెలుగు పడని మూల, మినపగింజంత నల్లటి గడ్డ ఇంకొకటి కూర్చుని ఉందట. కుడిచెయ్యి వారంలో చాలావరకు తేరుకుంది. మాట మాత్రం తేరుకోలేదు. జాబితాలో పేరు ఆపారు. మెదడు కోలుకుంటున్న జాడ కనిపిస్తే మళ్ళీ చేరుస్తామన్నారు. జాడ అంటే ఏమిటని అడిగితే, "తన మాట తను మాట్లాడాలి," అంది మెదడు డాక్టరు.

బస్సు వదిలేసి వచ్చిన మొగుడికి టీచరమ్మ దాచకుండా అంతా చెప్పింది. తిడతాడని ఎదురుచూసింది. ఆయన వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"నువ్వు నేర్పకపోతే నేను నేర్పేవాణ్ణి," అన్నాడు. "పేరు తీసేస్తారంటే ఎవరికైనా అదే తోస్తుంది. లే, మొహం కడుక్కో. జుట్టు దువ్వుకో ముందు."

పదకొండు రోజులు గడిచాయి. పిట్ట దేనికైనా ఆ నాలుగు ముక్కలే చెబుతుంది. దాహమేస్తే చేప. నొప్పి పుడితే కుర్చీ. వాళ్ళ నాన్న వెళ్తుంటే చెయ్యి పట్టుకుని "పెద్ద కుక్క, పెద్ద కుక్క" అని ఏడ్చింది. సోమవారం వచ్చినా శనివారం వచ్చినా ఆ పిల్లకు గురువారమే. ఇరవై రెండేళ్ళుగా పిల్లలు చదివింది మర్చిపోతున్నారని తల బాదుకున్న మనిషి, ఇప్పుడు తను నేర్పింది ఈ పిల్ల మర్చిపోతే చాలని దండం పెట్టుకుంటోంది. ఆ మాటలు వినబడితే చాలు, ఆవిడకు చెవులు మూసుకోవాలనిపిస్తుంది. మూసుకోదు. కూర్చుని పిల్లతో కబుర్లు చెబుతుంది. ఏమీ అడగదు. కిటికీలోంచి కనిపించే బస్సుల గురించి, పక్క గదిలో బిడ్డ గురకల గురించి, నోటికొచ్చింది చెబుతుంది. ప్రశ్న లేకుండా మాట్లాడటం ఆవిడకు ఎంత కష్టమైందంటే, ప్రతి వాక్యం చివరా నాలుక కరుచుకోవాల్సి వస్తోంది.

మాట పోయినవాళ్ళకు మళ్ళీ మాటలు నేర్పే ఒకావిడ రోజూ వస్తుంది. పన్నెండో రోజు ఆవిడే అంది. "టీచరమ్మా, ఏమీ అనుకోకండి. పరీక్షప్పుడు పిల్ల మీ పెదాల వంకే చూస్తోంది. మీరు బయట ఉంటారా?"

అనుకోవడానికేముంది? నాలుగింటి పరీక్షకు టీచరమ్మ బయటికొచ్చి గోడ పక్కన నిలబడింది. ఈసారి అట్ట కొత్తది, పెద్ద సిస్టర్ తనే ఎక్కడో వెతికి తెచ్చింది. గుమ్మం పక్క నుంచి లోపలి మాట వినబడుతుందేమోనని టీచరమ్మ చెవులు రిక్కించి చూసింది. పంపు పెట్టె శబ్దం తప్ప ఏమీ వినబడలేదు. వినబడినా గురువారమే కదా అనుకుని, ఆ వాలని కుర్చీ వల్ల పట్టేసిన నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఎదురుగోడ మీద పెచ్చులూడిన చోటు చూస్తూ నిలబడింది.

సిస్టర్ మామూలుకంటే తొందరగా బయటికొచ్చింది. చేతిలో కాగితం, కలం.

"ఏమైంది?" అంది టీచరమ్మ.

"చేతులు బాగానే చాపింది. నవ్వింది. బొమ్మలు చెప్పలేదు, ఒక్కటీ చెప్పలేదు. ఏ వారమని అడిగాను." సిస్టర్ కాగితం వంక చూసుకుంది. "తలుపు వైపు చూసి, అమ్మ ఏది అంది."

టీచరమ్మ గోడ వదిలి ముందుకొచ్చింది.

"రెండుసార్లు అడిగాను వారం. రెండుసార్లూ అదే. అమ్మ ఏది, అమ్మ ఏది అని. కోపంగా అంది కూడా."

"ఏం రాశారు?"

సిస్టర్ కాగితం తిప్పి చూపించింది. వారం ఎదురుగా ఇంటూ గుర్తు ఉంది. బొమ్మల ఎదురుగా ఇంటూ. వాక్యం ఎదురుగా ఇంటూ.

"తప్పేగా మరి. తప్పే రాయాలి," అంది సిస్టర్, అంటూనే కళ్ళు తుడుచుకుంది. "కింద జాగా ఉంటే ఏమందో కూడా రాశాను. మెదడు డాక్టరుకు ఫోన్ చేస్తున్నాను."

టీచరమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, మూడు ఇంటూల మీదా వేలు పెట్టి చూసుకుంది. ఏడుపు ఎక్కడినుంచి తన్నుకొచ్చిందో, ఇక ఆపుకోలేక గోడకు నుదురు ఆనించింది.

"ఏడుపు తర్వాత, ముందు లోపలికి పదండి," అంది సిస్టర్, ఆవిడ భుజం పట్టి తలుపు వైపు తిప్పుతూ. "అది మళ్ళీ అడుగుతోంది."